తగిలిందా, తగల్లేదా

చీమక్క గెలిచిన ఆ పోట్లాట గురించి ఆసుపత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో సగం మంది ఆ రోజు అక్కడ లేనే లేరు. ఉన్నవాళ్లలో సగం మంది గొంతు చించుకుని అరుస్తున్నారు కాబట్టి వాళ్లకేమీ కనపడలేదు. కళ్లు తెరుచుకుని, నోరు మూసుకుని చూసింది దుప్పట్ల పెద్దమ్మ ఒక్కతే. ఆవిడ నోరు మూసుకుందంటే ఎవరూ నమ్మరు. కానీ ఆ రోజు మూసుకుంది. అక్కడే వచ్చింది తంటా అంతా.

ఆసుపత్రి వెనక ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు వానలు పడితే వార్డుల దుప్పట్లన్నీ అందులోనే ఆరేసేవాళ్లు. ఆరబెట్టే యంత్రం వచ్చాక షెడ్డు ఖాళీ పడింది. సిబ్బంది నేల మీద తెల్ల రంగుతో గీతలు కొట్టి, నడుమ నెట్టు కట్టి షటిల్ కోర్టు చేసుకున్నారు. నెట్టు స్తంభం పక్కనే ఇస్త్రీ గది తలుపు. ఆ గుమ్మంలో స్టూలు వేసుకుని దిండు గలీబులు మడతపెట్టడం పెద్దమ్మకి ముప్పై ఏళ్ల అలవాటు. కోర్టే తన గుమ్మంలోకి వచ్చింది గానీ తాను కోర్టులోకి వెళ్లలేదు అంటుంది. అందుకే షటిల్ వచ్చి ఒళ్లో పడినా ఆవిడ స్టూలు జరపదు.

ఆ రోజు సిబ్బంది పోటీల్లో సెమీఫైనల్. ఇటు చీమక్క, అంబులెన్సు డ్రైవరు. అటు స్టోరు గుమాస్తా, ఎక్స్‌రే ఆయన. మూడో గేము ఇరవై, పంతొమ్మిది. ఇంకొక్క పాయింటు వస్తే చీమక్క జట్టు ఫైనల్‌కి వెళ్తుంది. గుమాస్తా పళ్లు బిగించి ఒక్కటి కొట్టాడు. షటిల్ చీమక్క భుజం పక్కనుంచి దూసుకుపోయింది. ఆవిడ రాకెట్ అడ్డం పెట్టబోయి, వదిలేద్దామని చటుక్కున పక్కకి లాక్కుంది. షటిల్ వెనక గీత దాటి పడింది.

"అవుట్!" అని డ్రైవరు గాల్లోకి ఎగిరాడు.

"ఏం అవుటు? ఆవిడ రాకెట్‌కి తగిలి పోయింది!" అన్నాడు గుమాస్తా.

"తగల్లేదు," అంది చీమక్క.

"తగిలింది సిస్టర్. నేను చూశాను."

"మీ కళ్లద్దాలు నెట్టు కింద పడున్నాయి. దేంతో చూశారు?"

గుమాస్తా వంగి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. "చూడకపోతేనేం, వినపడింది. టిక్కుమంది."

"అది మీ మోకాలు అయ్యుంటుంది."

"అవునన్నా," అన్నాడు డ్రైవరు, "మొదటి గేము నుంచీ టిక్కుమంటూనే ఉంది. ఒకసారి ఎక్స్‌రే తీయించుకో. తీసేవాడు నీ జట్టులోనే ఉన్నాడుగా."

షెడ్డంతా నవ్వులు. అంపైరు మందుల కొట్టాయన. పై అరలు అందుకునే ఎత్తు స్టూలు తెచ్చుకుని దాని మీద కూర్చున్నాడు. "నాకైతే కనపడలేదు," అన్నాడు. "తగిలితే తగిలిందని ఆడేవాళ్లే చెప్పాలి. ఈ ఆటలో పద్ధతి అది."

"దొంగని అడిగి తాళం వేస్తారా?" అన్నాడు గుమాస్తా.

నవ్వులు ఆగిపోయాయి. చీమక్క రాకెట్ డ్రైవరు చేతిలో పెట్టి, నెట్టు కిందనుంచి వంగి అటువైపు వెళ్లింది. గుమాస్తా ఎదురుగా నిలబడి, "చెయ్యి చాపండి," అంది. ఆవిడ ఆ మాటంటే ఆ ఆసుపత్రిలో ఎవరైనా చాపేస్తారు. అలవాటు. గుమాస్తా కూడా చాపాడు.

"పోయినేడు మీకు జ్వరమొచ్చింది. డాక్టరమ్మ మూడు చోట్ల గుచ్చింది. నరం దొరకలేదు. తర్వాత ఎవరొచ్చారు?"

"మీరు."

"ఎన్నిసార్లు గుచ్చాను?"

"ఒకసారి."

"తగిలిందా?"

గుమాస్తా చుట్టూ చూశాడు. అరవై మంది ఉన్నారు. "తగల్లేదు," అన్నాడు.

"చర్మం కింద వెంట్రుకంత నరం ఎటు పోతోందో ఈ వేళ్లకి తెలుసు. అలాంటిది షటిల్ వచ్చి రాకెట్‌ని కొడితే తెలీదా? నా చెయ్యి నాకు చెప్పదా?"

ఇంకేముంది. అంపైరు చెయ్యెత్తేశాడు. డ్రైవరు చీమక్క చుట్టూ పిల్లిమొగ్గలు వేసినంత పని చేశాడు. గుమాస్తా చాపిన చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడ్డాడు, ఎవరైనా దాన్ని మడిచి ఇస్తారేమోనన్నట్టు.

పెద్దమ్మ మాత్రం గలీబు పక్కన పెట్టి, కాళ్ల దగ్గరున్న ఈక ముక్క తీసుకుంది. చిటికెన వేలి గోరంత ఉంది. షటిల్ చీమక్క రాకెట్ అంచుని రాసుకుని పోయినప్పుడు టిక్కుమన్న చప్పుడు ఆవిడకీ వినపడింది. ఈక విరిగి, గాల్లో తిరిగి తిరిగి తన చెప్పు మీదికి రావడం ఆవిడ కళ్లారా చూసింది. తగిలింది. సబ్బుకి నురగొచ్చినంత నిజం అది.

చెప్పొచ్చు. పెద్ద డాక్టరు కోటు కాలరు పట్టుకుని "ఈ మురికి ఉతికితే పోదు, మెడ తోముకోవాలి" అని ముఖం మీదే చెప్పిన మనిషి. కానీ చెప్తే పాయింటు గుమాస్తాకి పోతుంది. కిందటి నెల కొత్త సబ్బు డబ్బాలు తీసుకోవడానికి వెళ్తే, వాడు ఒక్క మాట అడక్కుండా సిరా పెట్టె ఆవిడ ముందుకి తోశాడు, వేలిముద్ర వెయ్యమని. పెద్దమ్మ చదివింది రెండో తరగతే. అయినా తన పేరు నాలుగక్షరాలూ గుండ్రంగా, ఒకదాన్నొకటి తోసుకోకుండా రాస్తుంది. ఆ సిరా పెట్టెను ఆవిడ మర్చిపోలేదు. అందుకని ఈక ముక్కని ముందు కట్టుకున్న గుడ్డ జేబులో వేసుకుని నోరు మూసుకుంది. పైగా చీమక్కని చూసి ముచ్చట పడింది కూడా. అబద్ధమాడితే ఇలా ఆడాలి, గంజి పెట్టిన గుడ్డలా, ఎక్కడా ముడత లేకుండా అనుకుంది.

చీమక్క అంటే ఎవరో చెప్పాలి. ఆసుపత్రిలో రక్తం తీసే మనిషి. యాభై రెండేళ్లు. ఆవిడ సూది గుచ్చితే చీమ కుట్టినట్టైనా ఉండదని ఎవరో అన్నారు, అప్పట్నించీ చీమక్క. అసలు పేరు ఆవిడ గుర్తింపు కార్డుకి తప్ప ఎవరికీ తెలీదు. పసిపిల్లల దగ్గర్నుంచి పళ్లూడిన ముసలాళ్ల దాకా, నరం దొరకదని డాక్టర్లు చేతులెత్తేసిన ఒళ్లన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. రబ్బరు పట్టీ కట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ, రెండు వేళ్లతో మోచేతి మడత మీద అలా అలా తడిమేది. చీకట్లో గింజ వెతుక్కున్నట్టు. ఆ తర్వాత సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు. దూది పెట్టి అడిగేది, "తగిలిందా?" అని. "తగల్లేదు" అనేవాళ్లు అందరూ. పదిహేడేళ్లుగా రోజుకి యాభై మంది అదే మాట. గుళ్లో గంటకి కూడా అన్ని దెబ్బలు పడి ఉండవు.

ఆవిడ ఇల్లు సైకిళ్లు బాగుచేసే దుకాణం మీద, మూడో అంతస్తులో. రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం, మంచం మీద అత్తగారు. అత్తగారికి చక్కెర జబ్బు. పొద్దున్నే కోడలు ఆవిడ పొట్ట మీద సూది వేసి, రొట్టె, పాలు పక్కన పెట్టి, గోడకి తగిలించిన రాకెట్ తీసుకుని బయల్దేరుతుంది. మొగుడు అదే ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. షటిల్ నేర్పింది ఆయనే. ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం లిఫ్టులోనే, మీటల ముందున్న తన చిన్న బల్ల మీద కూర్చుని ప్రాణం వదిలాడు. లిఫ్టు నాలుగో అంతస్తుకీ కిందికీ రెండుసార్లు తిరిగాక గాని ఎవరూ చూడలేదు.

చీమక్క ఏడవలేదు. నాలుగో రోజున షెడ్డుకి వచ్చి, బూట్ల లేసులు కట్టుకుని, ఎవరూ లేని కోర్టులో షటిల్‌ని గోడకి కొడుతూ గంటసేపు నిలబడింది. చూసినవాళ్లు చెవులు కొరుక్కున్నారు. "మొగుడు పోతే చీమ కుట్టినట్టైనా లేదు చూడు!" పేరు పెట్టినవాళ్లకే ఆ పేరు ఇలా కూడా పనికొస్తుందని అప్పుడు తెలిసింది. ఆవిడకి వినపడింది. వినపడ్డట్టు ముఖంలో ఏమీ లేదు. అప్పట్నించి ఆవిడ అలాగే ఉంది. నవ్వించే మాటలంటుంది గాని తాను నవ్వదు. తిట్టినా, పొగిడినా ఒకే చూపు. ఎన్నిసార్లు ఉతికినా అదే రంగు ఉండే గుడ్డలుంటాయి చూడండి, అలా.

సెమీఫైనల్ అయిన మూడో రోజు, బుధవారం, సిబ్బంది అందరికీ ఏడాదికోసారి చేసే రక్త పరీక్షలు. పెద్దమ్మ వంతు వచ్చింది. వెళ్లి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

చీమక్క పట్టీ కట్టింది. కానీ కిటికీ వైపు చూడలేదు. వంగి, మోచేతి మడతలోకి ముక్కు పెట్టి చూసింది. సన్న అక్షరాలు చదివేవాళ్లలా. రెండు వేళ్లతో నొక్కింది, ఆ వేళ్లు మానేసి ఎడమ చేత్తో నొక్కింది. సూది దించింది. సూదా అది? గోనెసంచి కుట్టే దబ్బనం. సగం లాగి, పక్కకి తిప్పి, మళ్లీ దించింది. పెద్దమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తగిలిందా పెద్దమ్మా?"

"తగల్లేదు."

ఆ మాట దానంతటదే వచ్చేసింది. దగ్గొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని దూది అదుముకుంటూ పెద్దమ్మ తన మీద తనే మండిపడింది. ఏమిటీ నాలుక? పెద్ద డాక్టరుకి భయపడనిది దీనికెందుకు ముడుచుకుంది?

అక్కడే కూర్చుని తెరిచిన తలుపులోంచి మిగిలినవాళ్లని చూసింది. డ్రైవరు వెళ్లాడు. సూది దిగినప్పుడు వాడి కాలి వేళ్లు చెప్పుల్లో ముడుచుకుపోయాయి. "తగల్లేదక్కా!" అన్నాడు, గొంతు సన్నగా. ఎక్స్‌రే ఆయన వెళ్లాడు. కణతలు అదిరాయి. "తగల్లేదు సిస్టర్." చివరికి గుమాస్తా. సూది రెండోసారి దిగినప్పుడు వాడి పెదవి పళ్ల కింద తెల్లబడింది. వాడు చెప్తాడనుకుంది పెద్దమ్మ. వాడికేం మొహమాటం? కానీ మూడు రోజుల కిందటే అరవై మంది ముందు తగల్లేదని ఒప్పుకున్నవాడు ఇప్పుడు తగిలిందని ఎలా అంటాడు? "తగల్లేదు," అని చొక్కా చెయ్యి దించుకుని వెళ్లిపోయాడు. మోచేతి దగ్గర నెత్తురు చుక్క పైకి ఊరింది. పెద్దమ్మకి తెలుసు, ఆ మరక చన్నీళ్లలో నానబెడితే గాని పోదు.

శుక్రవారం సాయంత్రం షెడ్డులో ఇంకో తమాషా. ఫైనల్ కోసం చీమక్కా, డ్రైవరూ ఆడి చూసుకుంటున్నారు. పెద్ద డాక్టరు కూడా వచ్చి, కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, టీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. చీమక్క గట్టిగా ఒక్కటి కొట్టబోయింది. షటిల్ అక్కడే పడింది. రాకెట్ మాత్రం చేతిలోంచి జారి, గిర్రున తిరుగుతూ వెళ్లి పెద్ద డాక్టరు ఒళ్లో పడింది. టీ అంతా ప్యాంటు మీద.

అందరూ ఆయన ముఖం వైపు తిరిగారు. చీమక్క నెమ్మదిగా నడిచి వెళ్లి, రాకెట్ తీసుకుని, "దానికి టీ టైమయ్యింది డాక్టరు గారూ," అంది.

పెద్ద డాక్టరే ముందు నవ్వాడు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. "అక్కా, ఆదివారం ఇలాగే వెయ్యి, వాళ్లు భయపడి పారిపోతారు," అన్నాడు డ్రైవరు. "రాకెట్ కాదది, నిజం రాకెట్టే, పైకెగిరిపోతోంది," అని గుమాస్తా. ఐదు రోజులుగా మూసుకున్న నోరు వాడిది, తెరవడానికి వంక దొరికింది.

"ఆ ప్యాంటు విప్పి ఇటు పంపండి," అంది పెద్దమ్మ పెద్ద డాక్టరుతో, "ఆరితే మరక పోదు." మాట అటు, చూపు ఇటు. చీమక్క కుడి చేతిని ఒక పక్కకి తిప్పి, బొటనవేలితో మిగిలిన వేళ్లని ఒక్కొక్కటీ తాకి చూసుకుంటోంది. తలుపులన్నీ వేశానా లేదా అని చూసుకునే ఇల్లాలిలా.

ఆదివారం ఫైనల్. మధ్యాహ్నం మూడు గంటలకి. పనిలో లేనివాళ్లంతా షెడ్డులోనే. అటు వంటశాల జంట. ఒకాయన కూరగాయలు తరుగుతాడు, ఒకాయన గిన్నెలు తోముతాడు. ఇద్దరికీ మణికట్లు ఇనుము. చీమక్క జట్టు ఒక గేము ఓడింది, ఒకటి గెలిచింది. మూడోది నువ్వా నేనా అన్నట్టు నడుస్తోంది.

వంటశాలాయన షటిల్‌ని ఆకాశానికి లేపాడు. అది రేకులకి తగుల్తుందేమో అన్నంత ఎత్తుకి వెళ్లి, తల తిప్పుకుని, సరిగ్గా చీమక్క నెత్తి మీదికి దిగుతోంది. ఇంతకన్నా తేలిక షటిల్ ఉండదు. కళ్లు మూసుకుని కొట్టొచ్చు. "అక్కా, కొట్టు!" అని డ్రైవరు అరిచాడు. చీమక్క రెండడుగులు ముందుకి వచ్చింది, ఎగిరింది, కుడి చెయ్యి భుజం వెనక్కి తీసుకెళ్లి, ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

ఒట్టి చెయ్యి.

రాకెట్ ఆవిడ వెనకాల, రెండడుగుల దూరంలో, నేల మీద ఉంది. ముందుకి వచ్చినప్పుడే జారిపోయింది. పడ్డ చప్పుడు అరుపుల్లో కలిసిపోయింది. షటిల్ ఆవిడ చెయ్యి పక్కనుంచి కిందికి దిగి, నెత్తి మీద పడి, భుజం మీదుగా జారి కాళ్ల దగ్గర ఆగింది.

అప్పుడు పగిలింది షెడ్డు. నవ్వీ నవ్వీ డ్రైవరు నేల మీద కూలబడ్డాడు. సొంత జట్టువాడే. అంపైరు స్టూలు మీదనుంచి దిగి కడుపు పట్టుకున్నాడు. గుమాస్తాకి కళ్లద్దాలు మళ్లీ ఊడాయి. వంటశాలవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చినంత పని చేశారు.

చీమక్క తన చేతి వైపు చూసింది. అరచెయ్యి, తర్వాత వెనకవైపు. అప్పుడు వెనక్కి తిరిగి రాకెట్ ఎక్కడుందో చూసింది. సిగ్గుపడ్డ మనిషి అలా చూడదు. ఉత్తరం అందుకున్న మనిషి అలా చూస్తుంది. అందరూ తన మాట కోసం చూస్తున్నారని తెలుసు కాబట్టి, "చేత్తో కొడితే పాయింటివ్వరా?" అంది. ఇంకో విడత నవ్వులు.

"చీమ కుట్టినట్టైనా లేదు మనిషికి!" అన్నాడు గుమాస్తా, కళ్లు తుడుచుకుంటూ.

పెద్దమ్మ నవ్వలేదు. ఆవిడ చేతిలో సగం మడిచిన గలీబు అలాగే ఉండిపోయింది. జేబులో ఈక ముక్క, మోచేతి మీద ఇంకా పచ్చగా ఉన్న సూది మచ్చ, నేల మీద రాకెట్. మూడూ ఒకే మూటలోవి. చేతిలో రాకెట్ లేదని తెలీని చెయ్యికి, రాకెట్ అంచుని ఈక రాసుకుపోతే ఏం తెలుస్తుంది? ఆ రోజు ఈవిడ అబద్ధమాడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ రోజు తాను ఎంత తెలివితక్కువగా ముచ్చటపడిందో పెద్దమ్మకి ఇప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఎనిమిది పాయింట్లు వరసగా పోయి ఓడిపోయారు. కప్పు వంటశాలకి వెళ్లింది.

షెడ్డు ఖాళీ అయ్యాక చీమక్క ఇస్త్రీ గదిలోకి వచ్చి, ఉతకాల్సిన దుప్పట్ల మూట మీద కూర్చుంది. బూట్ల లేసులు విప్పుకోబోయింది. కుడి చేతికి ముడి దొరకలేదు. ఎడమ చేత్తో లాగింది. పెద్దమ్మ ఇస్త్రీ యంత్రం ఆపేసి ఎదురుగా నిలబడింది. ఆవిరి సన్నగా బుసకొట్టి ఆగింది.

"ఆ రోజు తగిలిందే," అంది పెద్దమ్మ.

"ఏది?"

"గుమాస్తాతో ఆడిన రోజు. షటిల్ నీ రాకెట్‌కి తగిలింది. ఇదిగో." జేబులోంచి ఈక ముక్క తీసి చేతిలో పెట్టింది.

చీమక్క దాన్ని ఎడమ చేత్తో తీసుకుంది. కుడి బొటనవేలి మీద అటూ ఇటూ రాసింది, కళ్లతో చూస్తూ. మళ్లీ కళ్లు మూసుకుని రాసింది.

"తెలీలేదు పెద్దమ్మా."

"అబద్ధమాడావనుకున్నా."

"ఆడలేదు."

"ఇప్పుడు తెలిసింది. ఆడి ఉంటే బాగుండేది." పెద్దమ్మ ఇంకో మూట లాక్కుని కూర్చుంది. "ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెలలైంది. మొదట చూపుడు వేలు తిమ్మిరెక్కేది. దులిపితే పోయేది. తర్వాత పోలేదు. ఇప్పుడు బొటనవేలు, పక్క రెండు వేళ్లు నావి కావు. ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి."

"ఎవరికైనా చూపించావా?"

"ఎవరికి చూపించను? ఇక్కడ చూపిస్తే పది నిమిషాల్లో నలుగురికి తెలుస్తుంది. కుర్చీలోంచి లేపి పాత ఫైళ్ల గదిలో కూర్చోబెడతారు. చూపించాలి. రేపు, రేపు అనుకుంటున్నా." ఆవిడ గొంతులో ఏమీ లేదు. వార్డులో ఎన్ని మంచాలున్నాయో చెప్తున్నట్టుంది. "ఎవరికీ తగలట్లేదు కదా అనుకున్నా. రోజూ అడుగుతున్నాగా. అందరూ తగల్లేదంటున్నారు."

పెద్దమ్మ తల దించుకుంది. అరవై ఆరేళ్ల తల, ఎవరి ముందూ వంగి ఎరగదు.

"మా అత్త ఒక్కతే చెప్పింది," అంది చీమక్క. "నెల నుంచీ మొత్తుకుంటోంది. 'ఏమే కోడలా, సూదేస్తున్నావా, మేకు దిగ్గొడుతున్నావా' అని. నేను పట్టించుకోలేదు. దిండు గుచ్చుకుందంటుంది, పాలు గుచ్చుకున్నాయంటుంది. ఆవిడకి గుచ్చుకోనిదేముంది?" ఎడమ చేత్తో రెండో బూటు లాగింది. "ఊళ్లో ఉన్న ఒక్క నిజమైన నోరూ నా ఇంట్లోనే ఉంది. దాన్ని నోర్ముయ్యమన్నాను."

"నేనూ చెప్పలేదు. రెండుసార్లు," అంది పెద్దమ్మ. "షటిల్ తగిలినప్పుడోసారి. బుధవారం నువ్వు నా చెయ్యి కుళ్లబొడిచినప్పుడోసారి."

"కుళ్లబొడిచానా?"

"గోనెసంచి కుట్టావు."

చీమక్క తలూపింది. "మొదటిసారి ఎందుకు చెప్పలేదు?"

పెద్దమ్మకి సిరా పెట్టె కళ్లముందు కదిలింది. అది నోటితో చెప్తే ఎంత చిన్నదైపోతుందో అప్పుడే తెలిసింది. "ఆ గుమాస్తా గెలవకూడదని," అంది.

"ఊఁ."

"తిట్టవే. నీ నోట్లోంచి ఒక్క తిట్టు రానీ, నాకు కాస్త ఊపిరాడుతుంది."

"తిట్టాలి. కోపం రావాలి నాకు. రావట్లేదు పెద్దమ్మా." చీమక్క ఈక ముక్కని మూట మీద పెట్టింది. "ఆయన పోయినప్పుడు కూడా ఇంతే. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశా. నాలుగో రోజు కూడా రాకపోతే వెళ్లి షటిల్ ఆడుకున్నా. అప్పుడు నాలో ఈ చెయ్యి ఒక్కటే పనిచేసేది. షటిల్ తగిలితే చెయ్యి ఝల్లుమనేది. అందుకే ఆడేదాన్ని. గుచ్చేటప్పుడు కూడా, లోపల నరం ఉబ్బి పైకి తోస్తుంటే వేలికి తెలిసేది. రోజుకి యాభై మందివి. ఇంకేమీ తెలీకపోయినా అది తెలిసేది."

బయట ఎవరో కోర్టులో నెట్టు విప్పుతున్నారు. తాడు స్తంభం మీద రాసుకుంటున్న చప్పుడు వినపడింది. పెద్దమ్మ ఆ కుడి చెయ్యి అందుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ముప్పై ఏళ్ల వేడి బట్టల చేతులవి, గరుగ్గా ఉంటాయి. గట్టిగా రుద్దింది, సబ్బు పెట్టినట్టు. చీమక్క వాటి వైపు చూస్తూ కూర్చుంది. రుద్దుతున్నది చూస్తోందే గాని, రుద్దుతున్నట్టు తెలియడం లేదని పెద్దమ్మకి అర్థమై ఆపేసింది.

"రేపు డాక్టరు దగ్గరికి పద. నేనొస్తా."

"వెళ్తా. కానీ పొద్దున్న ముందు రక్తం గదికే వెళ్తాను, నాకు తెలుసు. రెండు నెలలుగా అదే చేస్తున్నా. కాళ్లు అటే పోతాయి. కుర్చీ లాక్కుంటా, చేతులు కడుక్కుంటా, మొదటి మనిషిని పిలుస్తా. వాళ్లు చెయ్యి చాపుతారు. ఎలా లేస్తాను?"

"లేచి రావడమే."

"రాలేను. నాకు నేనుగా లేవలేను." చీమక్క బూట్లు సంచిలో పెట్టుకుంది. "నువ్వో పని చెయ్యాలి పెద్దమ్మా. బుధవారం తీసిన నీ రక్తం గొట్టంలోనే గడ్డకట్టింది. పనికిరాదన్నారు. ఎలాగూ మళ్లీ ఇవ్వాలి. రేపు ఎనిమిదింటికి వరస నిండాక రా. అందరినీ దాటుకుని ముందు నువ్వే కుర్చీలో కూర్చో. నేను గుచ్చి అడుగుతా."

"తగిలితే తగిలిందంటా. ఈసారి నాలుక ముడుచుకోదు."

"మెల్లగా కాదు. పెద్ద డాక్టరు కాలరు గురించి అన్నావు చూడు, అంత గట్టిగా. తలుపు బయట చివర కూర్చున్నవాళ్లకి కూడా వినపడాలి. వాళ్లంతా నా వైపు చూడాలి. అప్పుడు లేస్తా."

పెద్దమ్మ సరేనంది. తర్వాత ఎందుకో అనుమానం వచ్చింది. పదిహేడేళ్ల చెయ్యి అది. ఒక్కోసారి మొండికేసి సరిగ్గా పని చేసిందంటే?

"ఒకవేళ రేపు నిజంగానే తగల్లేదనుకో?" అంది.

చీమక్క గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"తగలకపోయినా సరే, తగిలిందని చెప్పు."